అత్తగారి కోసం పాత కారు

మార్చి 3, మంగళవారం

ఈ రోజు ఆటో అతను మమ్మల్ని దారి మధ్యలో దించేశాడు.

డయాలిసిస్ అయ్యాక అత్తగారికి బీపీ పడిపోయింది. నా భుజం మీద వాలిపోయి వాంతి చేసుకున్నారు. అతను బండి పక్కకు తీసి, సీటు పాడైంది సార్, ఇంకో బేరం పోద్ది, దిగండి అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఆవిడను చెప్పుల షాపు మెట్ల మీద కూర్చోబెట్టాను. ఎండ నెత్తిమీదకు వచ్చేసింది. కాసేపటికి ఆవిడ కళ్లు తెరిచి, మీకు కాలేజీ టైమైపోతోంది, మీరెళ్లండి బాబూ, నేను నెమ్మదిగా వస్తాను అన్నారు.

లేచి నిలబడలేని మనిషి. నెమ్మదిగా వస్తారట.

కారు కొంటాను.

మార్చి 8, ఆదివారం

కొనేశాను. తెల్ల కారు, డీజిల్, పదహారేళ్ల బండి. మీటరు లక్షా తొంభై నాలుగు వేలు చూపిస్తోంది. కొత్తది నా తాహతుకు మించిన మాట.

పాత కార్ల షెడ్డు ఆయన నోరు విప్పితే ఆపడు. ఒకే ఓనరట. డాక్టరుగారట. హైవే మీద తప్ప తిరగలేదట. మనిషికి నలభై ఎలాగో ఈ ఇంజనుకు రెండు లక్షలు అలాగట, ఇప్పుడే కుదురుకుంటుందట. అందరూ చేస్తారు కదా అని నేనూ టైరును కాలితో తన్ని చూశాను. ఏం తెలిసిందంటే కాలు నొప్పి అని తెలిసింది. ఫిజిక్స్ లాబ్‌లో పాతికేళ్లుగా అసిస్టెంటుని. వెర్నియర్‌లో మిల్లీమీటరులో పదోవంతు తేడా వస్తే పిల్లల చేత మళ్లీ చేయిస్తాను. బానెట్ ఎత్తి చూపిస్తే మాత్రం తెల్లమొహం వేశాను.

ఇంటికి తెచ్చాక అత్తగారు చుట్టూ తిరిగి చూశారు. అమ్మాయి ఉంటే తెల్లది వద్దనేది అన్నారు. అంతే, లోపలికి వెళ్లిపోయారు.

నా భార్య పోయి రెండేళ్ల నాలుగు నెలలు. అప్పటి నుంచీ ఈ ఇంట్లో ఆవిడా నేనూ. ఆవిడకు ఇంకెవరూ లేరు. ఆ మాటకొస్తే నాకూ లేరు.

మార్చి 10, మంగళవారం

మొదటి ట్రిప్. ఉదయం ఆరింటికి స్లాట్. ఐదింటికే బయల్దేరాం, రోడ్డు మీద ఎవరూ ఉండరని.

అత్తగారు వెనక సీట్లో కూర్చున్నారు. ముప్ఫై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఆపరేటరుగా చేసిన మనిషి. గొంతులో ఆ అధికారం ఇంకా పోలేదు. ఎడమ పక్క సైకిలు, హోల్డ్ చెయ్యండి అన్నారు. లైను ఖాళీ, వెళ్లండి అన్నారు. నాలుగుసార్లు ఇంజను ఆగిపోయింది. కట్ అయింది, మళ్లీ కలపండి అన్నారు.

నవ్వొచ్చింది. ఈ ఇంట్లో నవ్వి ఎన్నాళ్లయిందో.

మార్చి 12, గురువారం

స్టార్ట్ అయింది.

మార్చి 21, శనివారం

కారులో మాటలు వస్తున్నాయి. ఇంట్లో ఎదురెదురుగా కూర్చుంటే ఇద్దరం కంచాల్లోకే చూస్తాం. ఇక్కడ ఒకరి మొహం ఒకరికి కనపడదు కదా.

మీ సంబంధం వచ్చినప్పుడు వద్దన్నది నేనే, తెలుసా బాబూ అన్నారు ఈ రోజు. తెలుసన్నాను. తను చెప్పింది, పెళ్లయిన వారానికే. దాని కడుపులో ఏ మాటా దాగేది కాదు అన్నారు ఆవిడ. సిగ్నల్ పచ్చ పడింది. వెనక హారన్లు కొట్టేదాకా నాకు తెలియలేదు.

ఏసీ పనిచేయదు. వెనక కుడి కిటికీ సగం దిగి ఆగిపోతుంది. పరవాలేదు.

ఏప్రిల్ 4, శనివారం

ఫ్లైఓవర్ మీద ఆగిపోయింది. సరిగ్గా మధ్యలో, తిరిగొచ్చేటప్పుడు.

ముందు టెంపరేచర్ ముల్లు పైకి పోయింది. చూస్తూనే ఉన్నాను. చూడడం తప్ప ఏం చెయ్యాలో తెలియదు. తర్వాత బానెట్ కింది నుంచి తెల్లటి ఆవిరి. వెనక బారులు తీరిన బళ్లు. ఒకాయన అద్దం దించి మరీ తిట్టి పోయాడు. అత్తగారి మొహం పాలిపోయింది. హాస్పిటల్ ఫైలుతో విసిరాను. ఎడమ చేత్తో విసురుతూ కుడి చేత్తో ఫోన్ చేస్తూ, ఎవరికి చేస్తున్నానో కూడా నాకు తెలియలేదు. ఆవిడ నా మణికట్టు పట్టుకుని, కంగారు పడకండి బాబూ, నేనెక్కడికీ పోవట్లేదు అన్నారు. ఆవిడకు నేను ధైర్యం చెప్పాలి కదా.

చివరికి ట్రాఫిక్ కానిస్టేబులు, ఇద్దరు పండ్ల బండివాళ్లు కలిసి తోశారు. కిందికి దొర్లించి మెకానిక్ షెడ్డు దాకా చేర్చారు.

ఆ మెకానిక్‌ని అందరూ సైలెన్సర్ అంటారు. మాట్లాడడు. బానెట్ ఎత్తాడు, చూశాడు, దించాడు. సోమవారం అన్నాడు.

ఏప్రిల్ 6, సోమవారం

ఆయిల్ మూత తీసి చూపించాడు. దాని కింద మీగడలా తెల్లటి జిగురు. నీళ్లు వెళ్లి ఆయిల్లో కలుస్తున్నాయట, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. రేడియేటర్లో ఏదో పొడి కలిపి కారడం కనపడకుండా చేసి అమ్మారట. ఇంజను హెడ్ విప్పాలి.

తర్వాత టార్చి వేసి, డ్రైవరు తలుపు అంచున అంటించిన పాత సర్వీసు స్టిక్కరు చూపించాడు. నూనె మరకల్లో అంకెలు చెరిగిపోయినా చదవొచ్చు. మూడేళ్ల కిందటే మీటరు రెండు లక్షల అరవై వేలు.

నాలుగుసార్లు చదివాను. అంకెలు చదవడం నా వృత్తి.

కారు అమ్మిన షెడ్డు ఆయనకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. కాలేజీ నుంచి నేరుగా వెళ్లాను. ఉన్నది ఉన్నట్టు కొన్నానని కాగితం మీద మీరే కదా సంతకం పెట్టారు అన్నాడు. టీ తాగుతారా అని కూడా అడిగాడు. నాకు గట్టిగా మాట్లాడడం చేతకాదు. తను ఉండి ఉంటే ఆ షెడ్డు రేకులు ఎగిరిపోయేవి. వద్దండీ అని వచ్చేశాను. టీ వద్దన్నాను. అదొక్కటే చెయ్యగలిగాను.

అత్తగారికి విషయం చెప్పాను. నీళ్లు పోవలసిన చోటికి పోకుండా ఒంట్లో చేరుతున్నాయన్న మాట, నాకున్న జబ్బే అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఏప్రిల్ 9, గురువారం

కారు విప్పేసి ఉంది. ట్యాక్సీ బుక్ చేస్తే ముగ్గురు వరసగా క్యాన్సిల్ చేశారు. నాలుగో అతను వచ్చేసరికి ఆరుంపావు, మేం చేరేసరికి ఏడు. మా మిషను మీద ఇంకొకరు ఉన్నారు. సాయంత్రం ఖాళీ లేదు. రేపూ లేదు. శనివారం రండి, ఈలోగా నీళ్లు బాగా తగ్గించండి అంది నర్సు.

ఏప్రిల్ 11, శనివారం, ఉదయం 5.10

ఊపిరి అందట్లేదు ఆవిడకు. అంబులెన్సు వస్తోంది. రాయడానికి ఏముంది, చేతులు ఊరికే ఉండలేక రాస్తున్నాను.

ఏప్రిల్ 12, ఆదివారం

ఐసీయూ. లోపలికి రానివ్వరు. గాజు తలుపులోంచి పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి.

ఏప్రిల్ 17, శుక్రవారం

ఇంటికి తెచ్చాను. ఆ గందరగోళంలో చేతిలో డయాలిసిస్ సూదులు గుచ్చే ఫిస్టులా మూసుకుపోయింది. ఇప్పుడు మెడలో గొట్టం. ఇది ఎన్నాళ్లు పనిచేస్తుందని డాక్టర్ని అడిగాను. పనిచేసినన్నాళ్లు అన్నాడు. ఆవిడ పక్కనే ఉన్నారు, అంతా విన్నారు. వంద లైన్లలో ఏ లైన్లో ఎవరు ఏడుస్తున్నారో చెప్పగలిగిన చెవులవి.

నేను ఆ కాగితం మీద సంతకం పెట్టకపోతే, లేదా ముల్లు కదలగానే బండి ఆపేసి ఉంటే. ఈ వారమంతా ఇదే.

ఏప్రిల్ 27, సోమవారం

కారు వచ్చింది. సైలెన్సర్ ఇన్నాళ్లకు ఒక పూర్తి వాక్యం మాట్లాడాడు. ఇంకో లక్ష కిలోమీటర్లు కళ్లు మూసుకుని తిరగొచ్చు సార్ అన్నాడు. నేను అడక్కుండానే కిటికీ బాగుచేశాడు. ఏసీ కూడా. ఫ్లైఓవర్ మీద రెండుసార్లు అటూ ఇటూ తిరిగాను. ముల్లు సగం దగ్గర నిలబడింది. గాల్లో తేలుతూ ఇంటికొచ్చి అత్తగారికి చెప్పాను.

ఆవిడ కుర్చీ చూపించి కూర్చోమన్నారు. ఇక చాలు బాబూ అన్నారు. ఏది చాలు అన్నాను. తెలిసి కూడా అడిగాను. మెడలో గొట్టంతో, వారానికి మూడు రోజులు ఆ మంచం, తర్వాతి రోజంతా సోలిపోయి పడుకోవడం, ఇలా ఉండలేను అన్నారు. ఆపేస్తే ఎన్ని రోజులో నర్సును అడిగి తెలుసుకున్నారట. కోపం లేదు, ఏడుపు లేదు. ట్రంక్ కాల్ వివరాలు చెప్తున్నట్టు చెప్పారు.

నేను ఏసీ పనిచేస్తోందన్నాను.

ఆవిడ నవ్వారు. నేనే ఏడ్చాను, ఆవిడ ఎదురుగా, ముక్కు చీదుకుంటూ. తను పోయినప్పుడు కూడా ఆవిడ ముందు ఏడవలేదు. మిమ్మల్ని ఒక్కరినీ వదిలి వెళ్తున్నానని నాకు మాత్రం బాధ లేదా అన్నారు. చాలాసేపు బతిమాలాను. చివరికి, సరే, మీ కోసం ఇంకో నాలుగుసార్లు వస్తాను, తర్వాత నన్ను అడగకూడదు అన్నారు.

నాలుగంటే నాలుగే.

ఏప్రిల్ 30, గురువారం

రెండు అయ్యాయి. కారు మెత్తగా, పాములా పోతోంది. ఒక్క చప్పుడు లేదు.

మే 2, శనివారం

మూడు. ఆగిపో అనుకున్నాను, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు. వెళ్లేటప్పుడే ఆగిపోతే ఇది లెక్కలోకి రాదు. నెల రోజులు ఏం కోరుకున్నానో, ఈ రోజు దానికి సరిగ్గా తిరగేసి కోరుకున్నాను. ముల్లు కదల్లేదు.

మే 5, మంగళవారం

నాలుగు.

మే 7, గురువారం

ఐదింటికే లేచి చీర మార్చుకుని కూర్చున్నారు. మనసు మార్చుకున్నారనుకున్నాను. గబగబా తాళాలు తీశాను.

హాస్పిటల్ మలుపు దగ్గర ఇండికేటర్ వేశాను. అది తీసెయ్యండి బాబూ అన్నారు. తీసేశాను. ఊరు దాటి చాలా దూరం వెళ్లి, చెరకు తోటల దగ్గర తిప్పుకుని వచ్చాం. కిటికీ పూర్తిగా దించుకుని కూర్చున్నారు. ఇప్పుడు నిద్రపోతున్నారు.

కాలేజీకి ఫోన్ చేసి సెలవు కావాలన్నాను. ఎన్ని రోజులు అని అడిగారు.