ముఖం తీసిన తర్వాత

నాన్నా,

నువ్వు పోయాక వచ్చిన మొదటి తిరునాళ్లకి దాచేపల్లి ఫ్యాక్టరీలో సెలవు పెట్టి వచ్చి, నువ్వు ఏటా కట్టి ఆడిన నరసింహస్వామి చెక్క ముఖం ఈసారి నేనే కట్టుకున్నాను. నా తలకి వదులైతే అమ్మ నీ పాత తువ్వాలు మడిచి లోపల పెట్టింది.

ముఖం ఉన్నంతసేపు మన ఊరి ప్రెసిడెంటు నీ కాళ్లకు మొక్కేవాడు. తీయగానే, "ఒరేయ్, మంచినీళ్లు తేరా" అనేవాడు. నిన్న నాకూ మొక్కాడు. ఆట అయ్యాక నేను ముఖం విప్పి, చెమట తుడుచుకుని, ఆయన ఎదురుగానే కుర్చీలో కూర్చున్నాను. ఊరంతా చూస్తోంది. ఆయన నా కుర్చీ వైపు, జనం వైపు చూసి, "చానా బాగా ఆడావమ్మా" అన్నాడు. పక్కవాళ్ల వైపు తిరిగి, "ఏందిరా అట్టా చూస్తారు? అమ్మాయికి మంచినీళ్లు ఇయ్యండి" అన్నాడు.

దాహం తీరాక కూడా ఇంకో గ్లాసు అడిగి తాగాను నాన్నా. అది నీది.