బస్సు ఆరున్నరకి, ఫోనులు ఏడింటికి

8వ తేదీ, సోమవారం

పొద్దుటి నుంచి ముసురు. పని కొంచెమే. మా బావ నడిపే బస్సు రేపటి నుంచి ఏడింటికి కాదు, ఆరున్నరకే. పోటీ బస్సు ఆరూ ముప్పావుకి వెళుతోంది, దానికంటే ముందు పోవాలని ఓనరు పట్టుదల. మా బావ బస్సు వెబ్‌సైటు చూసేది నేను. టైమింగుల ఫైలులో ఏడు తీసి ఆరున్నర పెట్టాను. నా ఫోనులో చూసుకున్నాను. ఆరున్నర! భోజనానికి లేచాను.

9, మంగళవారం

వాన. బస్సు ఖాళీగా వెళ్ళింది. ఏడింటికి ఇరవై మంది గొడుగులతో వచ్చారు. అందరి ఫోనుల్లోనూ ఏడే.

ఓనరు ఫోను చేశాడు. "ఏవయ్యా, టైము మార్చలేదా?"

"మార్చానండీ. నా ఫోనులో బానే ఉంది."

"నీ ఫోను టిక్కెట్టు కొంటుందా? వచ్చే సోమవారం కూడా బండి ఖాళీగా పోతే అమ్మేస్తాను. మీ బావకి చెప్పు."

చెప్పాను. బావ తాపీగా విన్నాడు. "అమ్మితే అమ్మనీరా. నీ పక్కన కుర్చీ వేసుకుని వెబ్‌సైటు పని నేర్చుకుంటా."

వెంటనే కంప్యూటరు ముందు కూర్చున్నాను.

తప్పు తెలిసింది. ఫోను ఒకసారి తెచ్చుకున్న ఫైలును దాచుకుంటుంది. అదే పేరుంటే మళ్ళీ అడగదు. పేరు మారితేనే కొత్తది తెచ్చుకుంటుంది. నా ఫోనులో ఆ దాచుకోవడం పని కోసం ఎప్పుడో ఆపేశాను.

తీర్మానం: ఇక ఏ ఫైలు ముట్టుకున్నా దాని పేరులో వెర్షన్ నంబరు మారుస్తాను. "నా ఫోనులో బానే ఉంది" అనే మాట నోట రానివ్వను. అక్క ముందు ఒట్టు వేశాను. "ముందు స్నానం చెయ్యి," అంది.

10, బుధవారం

టైమింగులు, వెర్షన్ 2. ఎంత సులువు! ఇన్నాళ్ళూ ఏం చేశానో.

11.00 అక్షరాలు పెద్దవి చేశాను. వెర్షన్ 3.
11.20 మళ్ళీ చిన్నవి చేశాను. వెర్షన్ 4.
2.00 బస్సు బొమ్మ ఎడమకి తిప్పాను. 5. కుడికి తిప్పాను. 6.
4.00 ఏమీ మార్చలేదు. అయినా 7. చేతికి అలవాటు కావాలి కదా.

11, గురువారం

రాత్రి అలవాటున పేజీలో 8 వేశానట, పేజీ వెర్షన్ 8 అడుగుతోంది. నేను ఎక్కించింది 7 వరకే. టైము ఉండాల్సిన చోట తెల్లగా ఉంది. ఆరున్నరకీ ఎవరూ రాలేదు, ఏడింటికీ రాలేదు.

బావ సంతోషంగా ఇంటికొచ్చాడు. "ఖాళీ బండి హాయిగా ఉందిరా బామ్మర్దీ. గేరు ఎక్కడ కిర్రుమంటోందో ఇవాళే తెలిసింది."

తప్పు నాది కాదు, చేత్తో నంబరు వేసే పద్ధతిది. వెబ్‌సైటు కట్టడానికి వాడే ఫ్రేంవర్కులో ఒక సదుపాయం ఉంది. ఫైలు మారితే వెర్షన్ అదే తగిలిస్తుంది. రెండు లైన్లు రాస్తే చాలు. రాశాను. ఫోనులు దేన్ని ఎన్నాళ్ళు దాచుకోవచ్చని ఫ్రేంవర్కు అడిగింది. వెర్షన్ ఉంది కదా, భయమేమిటి? అన్నిటికీ ఏడాది ఇచ్చాను.

12, శుక్రవారం

నిన్న కంగారులో పాత టైమింగుల ఫైలు ఎక్కించానట. ఏడు! వెంటనే ఆరున్నర చేశాను. వెర్షన్ దానంతటదే మారింది. ఫోనుల్లో మాత్రం మారలేదు.

వెర్షన్ నంబరు ఎంతో చెప్పాల్సింది పేజీ. ఆ పేజీకి కూడా ఏడాది ఇచ్చాను. కొత్త నంబరు వచ్చిందని ఫోనులకు తెలిసే దారి లేదు. వచ్చే ఏడాది వరకూ ఏడే.

బస్‌స్టాపుకి వెళ్ళి ఆరున్నర అని నోటితో చెప్పాను. రోజూ మా బస్సెక్కే టైలరు నన్ను ఎగాదిగా చూశాడు. "వెబ్‌సైటులో ఏడని ఉంది. నువ్వెవరు చెప్పడానికి?"

"ఆ వెబ్‌సైటు నాదేనండీ."

"అయితే నీకే తెలియాలి," అన్నాడు.

13, శనివారం

ఒంట్లో బాగాలేదు. అయినా లేచాను. పేజీకి కొత్త అడ్రసు పెట్టి లింకు ప్రయాణికులందరికీ పంపాను. అందరూ తెరిచారు. అందరికీ ఆరున్నర! టైలరు బొటనవేలి బొమ్మ పంపాడు.

సాయంత్రం ఓనరు వచ్చాడు. "జనం ఏడింటికే వస్తున్నారు కదయ్యా. వాళ్ళతో మనకి పంతమెందుకు? సోమవారం నుంచి బస్సు ఏడింటికే. సంతోషమా?"

14, ఆదివారం

కొత్త పేజీకీ ఏడాదే ఉంది. నేను తీయలేదు. మర్చిపోయాను. కరెంటు కూడా ఒకసారి పోయింది.

ఏడు అని మార్చాను. నా ఫోనులో బానే ఉంది.

15, సోమవారం

వాన వెలిసింది. జనం ఆరున్నరకే వచ్చారు. ఆరూ ముప్పావుకి పోటీ బస్సు వాళ్ళను ఎక్కించుకుంది. మా కండక్టరు వెంటపడి, "ఏడింటికి మనది ఉందమ్మా!" అని అరిచాడు. టైలరు కిటికీలోంచి ఫోను చూపించాడు.

ఓనరు షెడ్డు ముందు కుర్చీ వేసుకుని చూస్తున్నాడు. పరుగున వెళ్ళి అక్కనీ, అక్క అత్తగారినీ లేపుకొచ్చాను. అత్తగారు ఎక్కడికని అడగలేదు. కిటికీ పక్క సీటు అడిగింది.

"వీళ్ళెవరయ్యా?" అన్నాడు ఓనరు.

"ప్యాసింజర్లండీ."

"ఆవిడ మీ అక్క కాదూ?"

"అక్కయితే ఎక్కకూడదాండీ?"

ఓనరు చాలాసేపు నెత్తి గోక్కున్నాడు. "ఖాళీ అయితే కాదు. ఇంకో వారం చూస్తాను."

బావ హారను కొట్టాడు. ఎక్కి కూర్చుని రాస్తున్నాను. తీర్మానం: ఇవాళ్టి నుంచి ఏ ఫైలు ముట్టుకున్నా వెర్షన్ మారుస్తాను. పేజీకి ఒక్క రోజు కూడా ఇవ్వను. ఇది వెర్షన్ 2.

ఏడింటికి బస్సు బయల్దేరింది. బావ, కండక్టరు, అక్క, అక్క అత్తగారు, నేను వెళ్ళాం.