కంప్యూటర్లో పెళ్లికొడుకు వయసు

జూన్ 3, 2002, సోమవారం
ఇవాళ్టి నుంచి నేను నీతిమంతుణ్ణి! నిన్న గవర్నర్‌పేటలో కంప్యూటర్ ఉద్యోగుల నీతి నియమాల మీద సెమినార్. టీ, సమోసా, నియమాలు అచ్చేసిన ఒక అట్ట ఇచ్చారు. నియమం ఒకటి: ఒకరి వివరాలు ఇంకొకరికి చెప్పరాదు. రెండు: తప్పుడు వివరాలు ఎక్కించరాదు. మా పెళ్లి సంబంధాల ఆఫీసులో మానిటర్ పక్కన అంటించాను. ఓనరు కృపానందం గారు చదివి, పార్టీలకు కనపడేలా తిప్పి పెట్టమన్నారు.

జూన్ 4
ఒకావిడ పక్కింటి పిల్ల జీతం చూపించమంది. చూపించలేదు! నడుం దానంతటదే నిటారుగా నిలబడింది.

జూన్ 6
మా వీధి కరిముల్లా చాచా వచ్చారు. మేనల్లుడు రహ్మాన్‌కి కొండపల్లిలో ఉద్యోగం. వయసు ముప్ఫై ఎనిమిది.
"ముప్ఫై ఒకటి కొట్టు నాయనా. చూట్టానికి అట్టాగే ఉంటాడు."
అట్ట చూపించాను. కానీ నాకు సైకిల్ నేర్పింది ఆయనే. కొట్టాను. ఇది తప్పుడు వివరం కాదు, కంటికి కనపడే వివరం.

జూన్ 10
వయసు తగ్గినవాళ్లు: చాలామంది. ఎత్తు పెరిగినవాళ్లు: కొందరు. కంకిపాడు నుంచి వచ్చిన టెన్త్ ఫెయిల్ అబ్బాయికి డిగ్రీ ఇచ్చేశాను. యూనివర్సిటీ కూడా ఇంత తొందరగా ఇవ్వదు. అట్ట మీదికి క్యాలెండర్ వచ్చింది. ఫ్యాన్ గాలికి అయి ఉంటుంది.

జూన్ 13
నేను భోజనానికి వెళ్లినప్పుడు అమ్మీ మా ఆఫీసుకే వచ్చి, చెల్లెలు అర్ఫాకి సంబంధం ప్రింటు తీయించుకుందట. కొండపల్లి రహ్మాన్, 31. ఆదివారం మాటిచ్చేస్తారట. మనుషుల్ని నమ్మలేం గానీ కంప్యూటర్ ఎందుకు అబద్ధమాడుతుంది అంటోంది. అర్ఫాకి ఇరవై రెండు. నిజం చెబితే ఒకటో నియమం పోతుంది. రెండోది నేనే పోగొట్టాను.

జూన్ 14
చెప్పేశాను. అమ్మీ కంప్యూటర్‌ని తిట్టింది, తర్వాత నన్ను. అర్ఫా తిట్టలేదు.
"నీ చెల్లెల్ని కాబట్టి చెప్పావు భాయ్. మిగతా ఆడపిల్లలకి ఎవరు చెబుతారు?"
సిగ్గుతో చచ్చిపోయాను.

జూన్ 17, సోమవారం
క్యాలెండర్ తీసేశాను. అట్ట తుడిచాను. ఇవాళ్టి నుంచి అన్ని రికార్డులూ సరిచేస్తాను! షట్టర్ దించుకోమంటావా అన్నారు కృపానందం గారు. లొంగలేదు. రహ్మాన్‌ది మళ్లీ 38 చేశాను. చాచా మాట్లాడటం మానేశారు.
తర్వాత పెళ్లికొడుకుల్లో నా రికార్డు తెరిచాను. 28 అని ఉంది. అసలు వయసు 34. ధైర్యంగా చెరిపేసి 30 కొట్టాను.
మిగతా నాలుగూ రేపట్నుంచి.