అట్ట మీద అవ్వ ఫోటో

మామా,

నేను రాయదుర్గం బస్సుకు పోతాండా. జీన్స్ కుట్టే కాడ ఈ పొద్దు గూడా సెలవు ఇయ్యలేదు. ముద్ద, నంజుకునేకి చెనిక్కాయల ఊరిబిండి మూసిపెట్టినా.

మన జయంతి లేస్తానే దాని బొమ్మల అట్ట మెడకు తగిలిచ్చు. మాట రాని బిడ్డ. నీళ్లు కావాలన్నా, నొప్పి అని చెప్పాలన్నా ఆ బొమ్మల మీద వేలు పెట్టేది తప్ప దానికి ఇంకేముంది? ఎవరైనా ఇంటికొస్తే సిగ్గుపడి అట్ట దాచొద్దు.

దాని అవ్వ ఫోటో బీరువాలో నా పసుపు చీర మడతల్లో ఉండాది. దాన్ని అట్ట మీద ముందున్న చోటనే అంటిచ్చు. మీ అమ్మ పోయిన పొద్దు "దానికేం తెలుస్తాది" అని బిడ్డను పక్కింటికి పంపింది నువ్వు. చూస్తే బెంగ పెట్టుకుంటాదని ఫోటో పీకేసింది నేను.

అంటిచ్చినాక బిడ్డను చేనికి పిల్చుకొని పో. ముందు ఫోటో మీద, తర్వాత మీ అమ్మను పూడ్చిన మన్ను మీద వేలు పెట్టి చూపిచ్చు. ఏడిస్తే ఏడ్చనీ. నువ్వు మాత్రం ముఖం తిప్పుకోవద్దు.

ఇంకోటి. మూడు దినాలుగా అది అట్ట మీద ఖాళీ చోట వేలు పెట్టి, తర్వాత "కావాల" బొమ్మ మీద పెడతాండాది. నేను ఆకలేమో అనుకొని మజ్జిగ ఇస్తి. తాగి మళ్లీ ఆడనే పెట్టింది. నిన్న చెయ్యి కడుగుతాంటే దాని వేలికి ఫోటో పీకిన కాడి గమ్ము అంటుకోనుండాది.