“సిద్ధంగా లేను” అన్న డిస్కు

1986 అక్టోబర్ 4, శనివారం

నిన్నటి పేజీ, నువ్వు చెప్పింది తప్పు. సరళ కంపెనీ వాళ్ళ ముసఫ్ఫా గోదాములో కంప్యూటర్ డిస్కు చావలేదు. చచ్చిందని ప్రకటించింది నా కూతురు రాసిన ప్రోగ్రాము. డిస్కుతో మాట్లాడేది అదేనట, డ్రైవర్ అంటారు. జీతం అడగని డ్రైవర్.

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆ కంప్యూటర్ మొరాయిస్తోంది. బుధవారం ముదీర్, అదే వాళ్ళ మేనేజరు, తన ఎదుటే కరెంటు తీయించి పెట్టిస్తాడట. లేవకపోతే ఖలాస్. సరళ వీసా రద్దు. మనవరాలి బడి, ఈ ఇల్లు, నేను... అన్నీ ఆ వీసా మీదే.

5, ఆదివారం

అన్నం ముందు కూర్చోబెట్టి అడిగాను. ఒకప్పటి లెక్కల టీచర్ని, అర్థమయ్యేదాకా వదలను.

కరెంటు రాగానే డ్రైవర్ “చదువు” అంటుంది. డిస్కు తిరగడం మొదలెట్టి ఇంకా వేగం అందుకోలేదు — “సిద్ధంగా లేను” అంటుంది. డ్రైవర్ ఆ ఆజ్ఞను మళ్ళీ వరుసలో పెట్టి, వెంటనే అడుగుతుంది. మళ్ళీ. మళ్ళీ. ఐదోసారి కూడా కాకపోతే, డిస్కు పోయిందని పైకి చెప్పేస్తుంది. ఆ ఐదూ రెప్పపాటులో అయిపోతాయి.

“నిద్ర లేచేలోపే పాడె కట్టినట్టుంది” అన్నాను.

“తినేటప్పుడు పాడె ముచ్చటెందుకే అమ్మా...” నవ్వింది. ఎన్నాళ్ళకో.

6

రెండుసార్లు అన్నం వేడి చేశాను. “వస్తున్న” అంటుంది. కాగితాల్లోంచి తల ఎత్తదు.

7, మంగళవారం

సరళ ప్రోగ్రాము మార్చింది. డిస్కు “సిద్ధంగా లేను” అంటే డ్రైవర్ ఇక తప్పు కింద జమకట్టదు. ఆజ్ఞను పక్కన పెట్టి, కాసేపాగి అడుగుతుంది. నిజంగా చదవలేకపోతేనే ఆ ఐదు లెక్క.

“అసలు లేవకపోతే? అట్లా అడుగుతూనే ఉంటుందా?”

కాగితం మీద ఒక అంకె కొట్టేసి ఇంకోటి రాసింది.

“గడువు పెట్టిన. అది సాల్తదో లేదో... తెల్వదమ్మా.”

కంచం దాని ముందుకు జరిపాను.

8, బుధవారం, మధ్యాహ్నం

సరళ ఏమీ తినకుండా పనికి పోయింది.

కంపెనీ వ్యాను నడిపే నెల్లూరు బషీర్ ఇప్పుడే వచ్చాడు. “కరెంటు తీసి పెట్టినారమ్మా. అందురూ ఆ పెట్టె ముందరే నిలబడుండారు. సరళమ్మ గడియారమే చూస్తా ఉంది.”

డిస్కు లేచిందా అని అడిగాను. “ఏమో మా. తిరగతా ఉంది.”

బషీర్ చేతికి టిఫిన్ డబ్బా ఇవ్వాలి. పెరుగన్నం, నిమ్మకాయ పచ్చడి. మూత గట్టిగా బిగించాలి. సరళ “ఇప్పుడొద్దు” అంటే వెనక్కి తేవద్దని చెప్పాలి. గోదాము గుమ్మం దగ్గరే కూర్చుని, కాసేపాగి మళ్ళీ ఇవ్వమనాలి.