నైస్‌కి పద్నాలుగు లైన్లు

జూన్ 2, సోమవారం

ఇవాళ్టి నుంచి ఎన్ అక్షరం నాది.

ఇన్నాళ్లూ ఎన్ చూసిన మాష్టారు కంటి ఆపరేషన్‌కి వెళ్లారు. పెద్దాయన ఆ కట్టలన్నీ మోసుకొచ్చి నా టేబుల్ మీద దించి, ముప్పయ్యో తారీఖుకి మొత్తం ప్రెస్‌కి దిగిపోవాలి, పూచీ నీదే అన్నారు. పెద్దాయన అంటే మా ఎడిటర్. డెబ్బై ఒకటి. మా ఇంగ్లీషు-తెలుగు స్కూల్ డిక్షనరీ మొదటి ఎడిషన్ వేసినప్పుడు ఆయనకి ముప్పయ్యే. ఇది నాలుగో ఎడిషన్. మాష్టారు లేరు కాబట్టి ఆఫీసులో ఇప్పుడు ముగ్గురమే: ఆయన, నేను, టైపు అక్క. కింద ప్రెస్సు. మిషన్లు తిరిగాయంటే మా టేబుళ్ల మీద పెన్నులు వాటంతటవే నడుస్తాయి.

ఇంటికొచ్చి చెబితే, ఎన్‌లో ఎన్ని మాటలుంటాయే అంది పిన్ని. రెండు వేల పైచిలుకు అన్నాను. అన్నిటికీ అర్థాలు నీకే తెలియాలా, పాపం అంది.

జూన్ 4

నైస్ దగ్గరికొచ్చాను. చూసి, పేజీ తిప్పేశాను.

జూన్ 5

తిప్పేస్తే ఎలా కుదురుతుంది? ఇక్కడైనా రాసుకుంటాను, ఎవరు చూడొచ్చారు.

పన్నెండేళ్ల కిందట నాకు పెళ్లి కుదిరింది. కార్డులు అచ్చుకి ఇచ్చే ముందురోజు అతను ఫోన్ చేశాడు. అప్పటిదాకా శుభ్రంగా తెలుగులో మాట్లాడిన మనిషి, ఆ రోజు ఇంగ్లీషు ఎత్తుకున్నాడు. యూ ఆర్ ఎ నైస్ గర్ల్, బట్... అన్నాడు. ఆ తర్వాతా ఏదో అన్నాడు. పక్కనే పిన్ని కుట్టుమిషన్ తొక్కుతోంది, నాకు వినపడలేదు. మళ్లీ చెప్పమని అడగడానికి సిగ్గేసింది. పెట్టేశాను.

ఏడవలేదు. ఆ మాట మాత్రం అప్పట్నుంచీ నాకు పడదు. ఎవరైనా నైస్ అంటే చాలు, వెనకాల బట్ ఎక్కడ నక్కి ఉందా అని చూస్తాను.

పాత ఎడిషన్‌లో దానికి రెండే లైన్లు. మంచి, హాయైన, ఇంపైన. చాల్లే, దానికి అదే ఎక్కువ అనుకున్నాను.

జూన్ 6, మధ్యాహ్నం

అలా వదిలేయలేదు. టిఫిన్ బాక్స్ మూత తీసి, అన్నం ఆరిపోయేదాకా మాటల పుట్టుక చెప్పే లావు పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను.

అసలీ మాట లాటిన్లో నెస్కియుస్. అంటే ఏమీ తెలియనివాడు! ఫ్రెంచి వాళ్ల చేతికొచ్చేసరికి తెలివితక్కువవాడు అయింది. ఇంగ్లీషులోకి దిగింది కూడా ఆ అర్థంతోనే. ఒకరిని నైస్ అంటే వట్టి మొద్దు అని తిట్టడమే. తర్వాత విచ్చలవిడి మనిషి అన్న అర్థం వచ్చింది. ఆ తర్వాత, దానికి పూర్తిగా ఎదురు, బిడియస్తుడు. ఆపైన ప్రతిదానికీ వంక పెట్టేవాడు. అక్కణ్ణుంచి సున్నితం, కచ్చితం. రెంటి మధ్య వెంట్రుకవాసి తేడా ఉంటే దాన్ని ఇప్పటికీ నైస్ డిస్టింక్షన్ అనే అంటారు. మంచి, ఇంపు అనే అర్థాలు మొన్న మొన్నటివి, రెండున్నర వందల ఏళ్ల నాటివి.

అన్ని వందల ఏళ్లు తిట్లు తిని, చివరికి మంచిపేరు తెచ్చుకున్న మాట. దీన్నా నేను పన్నెండేళ్లు ముఖం చూడకుండా వెలేసింది!

సాయంత్రం పిన్నికి చెప్పాను. మిషన్ మీంచి తలెత్తకుండా, అందులో వింతేముందీ, ఏమీ తెలియనివాళ్లనే కదా మనమూ మంచివాళ్లంటాం అంది.

జూన్ 9

ఎమ్ అక్షరం ప్రూఫులు కింది నుంచి వచ్చాయి. కాగితాలు చెదిరిపోకుండా బైండరు వాటిని దారంతో కుట్టి తెస్తాడు. అతనికి నలభై ఒకటుంటాయి. ఆరేళ్లుగా వారానికి రెండుసార్లు మా మెట్లెక్కుతున్నాడు. కట్ట నా టేబుల్ మీద పెట్టి, అంచులు ఒకసారి అరచేత్తో సరిచేసి, వస్తాను మేడమ్ అని వెళ్లిపోతాడు. పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదని ఎవరూ అడగలేదట, తనూ చెప్పలేదట. ఇది టైపు అక్క సమాచారం.

కట్టలో చీటీ ఉంది. ఇంగ్లీషు అక్షరాలు, ఒక్కోటీ విడివిడిగా, కొలిచి రాసినట్టు. యూ ఆర్ నైస్. సంతకం లేదు. మూలన జిగురు వేలిముద్ర మాత్రం ఉంది.

ఇన్నేళ్లలో రాయకుండా, ఈ వారమే రాయాలా?

జూన్ 10, ఉదయం 11

బైండరు పైకొచ్చాడు. చీటీ చూపించి, ఇది ఏ అర్థంలో రాశారు అన్నాను.

నిజంగా తెలుసుకుందామనే అడిగాను. నా గొంతు మాత్రం తప్పుల లిస్టు చదివే గొంతులా వచ్చింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. కనుక్కుని చెబుతాను మేడమ్ అని దిగిపోయాడు. ఎవర్ని కనుక్కుంటాడు?

జూన్ 11

రాలేదు.

జూన్ 12

ఇవాళా రాలేదు. టైపు అక్క దిగి ప్రూఫులు తెచ్చుకుంది. పైకొచ్చాక నన్ను అదోలా చూసి, ఏమన్నావే అతన్ని అంది. అర్థం అడిగానన్నాను. అక్క నెత్తి కొట్టుకుంది.

జూన్ 13

వచ్చాడు! చేతిలో రూళ్ల కాగితం.

మూడు రోజులూ ఊరంతా తిరిగాడట. పిండి మర దగ్గర నిలబడితే, నైస్‌గా పట్టాలా, బరకగా పట్టాలా అని అడిగారట. అతని బావ వడ్రంగి. ఉప్పుకాగితంతో రెండుసార్లు రుద్దితే చెక్క నైస్ వస్తుందన్నాడట. బట్టల కొట్లో, జారిపోయే పల్చటి గుడ్డని నైస్ క్లాత్ అన్నారట. చెల్లెలేమో, పిల్లని ఎలాగో నైస్ చేసి మందు తాగించానందట. ప్రెస్ ఫోర్‌మన్ మాట అన్నిటికన్నా బాగుంది: వీడెవడో పని చెప్పగానే నైస్‌గా జారుకున్నాడు. అన్నిటికీ నంబర్లు వేసి, ఎవరు అన్నారో ఎక్కడ అన్నారో పక్కన రాసుకొచ్చాడు. పాతికేళ్లు ఈ పని చేసినవాళ్లు కూడా ఇంత శ్రద్ధగా రాయరు.

ఆరో నంబరు వేసి, ఎదురుగా ఖాళీ వదిలేశాడు. ఇదేంటని అడిగాను.

కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. ఇవన్నీ కనుక్కున్నాను మేడమ్, మీకు రాసింది వీటిల్లో ఏదీ కాదు. ఇంగ్లీషులో నాకొచ్చిన మంచిమాట అదొక్కటే. ఇంతకన్నా మంచిది ఇంకోటి వచ్చుంటే అదే రాసేవాణ్ణి.

కాగితం తీసుకుని థాంక్స్ అన్నాను. అంచులు అరచేత్తో సరిచేశాను. అతను చేసినట్టే. అది నాకు అతను వెళ్లాక తెలిసింది.

చాలాసేపు మళ్లీ మళ్లీ చూసుకున్నాను. బట్ ఎక్కడా లేదు.

జూన్ 16

పెద్దాయనతో గొడవ. ఈ ఆఫీసుకొచ్చిన తొమ్మిదేళ్లలో మొదటిది.

నైస్‌కి పద్నాలుగు లైన్లు కావాలన్నాను. పుట్టుక, పాత అర్థాలు, ఇప్పటి అర్థాలు, చివర తెలుగులో ఈ మాట బతుకు. ఆయన కళ్లజోడు తీసి, తెలుగులోకొచ్చాక అది ఎవరి ఇంట్లో ఉంటే మనకేంటి, మనం చెప్పాల్సింది ఇంగ్లీషు అర్థం అన్నారు. పిండి నైస్‌గా పట్టించుకురమ్మంటే విన్న పిల్ల మన పుస్తకం తెరుస్తుంది సార్, మంచి, హాయైన అని ఉంటుంది, హాయైన పిండి ఏమిటనుకుంటుంది అన్నాను. టైపు అక్క కిసుక్కున నవ్వింది. ఆయనకీ నవ్వొచ్చింది గానీ మింగేశారు.

సరే, పేజీ నిండిపోయింది, దీనికి చోటివ్వడానికి ఏ మాటని చంపుతావో నువ్వే చెప్పు అన్నారు.

నేను ముందే చూసి పెట్టుకున్నాను. అదే పేజీ పైన న్యూట్ అని ఉంది. బల్లిలా ఉండే నీటి జీవి. దాని పక్కన బొమ్మ. బొమ్మ సరిగ్గా పన్నెండు లైన్ల చోటు తింటోంది. న్యూట్‌ని చంపక్కర్లేదు సార్, బొమ్మ తీసేస్తే చాలు, ఎలాగూ అది న్యూట్‌లా లేదు, తోక కాల్చుకున్న మొసలిలా ఉంది అన్నాను.

ఆయన గొడుగు తీసుకుని నాలుగింటికే ఇంటికెళ్లిపోయారు.

జూన్ 17

ఆ బొమ్మ వేసింది ఆయనేనట.

మొదటి ఎడిషన్‌కి బొమ్మలు వేయించే స్తోమత లేక, రాత్రుళ్లు కూర్చుని అన్నీ ఆయనే వేశారట. ఎడిషన్ మారినప్పుడల్లా కొత్తవి వచ్చి ఆయనవి పోతూ వచ్చాయి. మిగిలింది అదొక్కటే. టైపు అక్క ఇవాళ చెప్పింది. నిన్ననే చెప్పొచ్చుగా అంటే, నువ్వు ఆగితే కదా అంది.

తోక కాల్చుకున్న మొసలి! నా నోరు పడిపోను.

జూన్ 18

వెళ్లి క్షమించమన్నాను. బొమ్మ ఉండనివ్వండి సార్, నాకు రెండు లైన్లు చాలన్నాను. ఆయన ఎమ్ అక్షరం ప్రూఫులు దిద్దుకుంటూ కూర్చున్నారు.

జూన్ 19

పొద్దున్నే వచ్చేసరికి నా టేబుల్ మీద ఆ పేజీ ఉంది. బొమ్మ చుట్టూ ఎర్ర ఇంకుతో పెట్టె గీసి, తీసేయమని గుర్తు పెట్టి, పక్కన సంతకం చేశారు. కింద నా పద్నాలుగు లైన్లు అతికించారు. ఒక్క చోట దిద్దారు. మొద్దు అన్నచోట అమాయకుడు కూడా చేర్చారు. దిద్దుబాటు సరైందే.

థాంక్స్ చెప్పడానికి వెళ్తే ఆయనే అందుకుని, నలభై ఏళ్ల నుంచీ ఎవరైనా చెబుతారేమో అని చూస్తున్నాను, అది మొసలేనమ్మా, న్యూట్‌ని నేనెప్పుడూ చూడలేదు అన్నారు. ముగ్గురం కళ్లనీళ్లొచ్చేలా నవ్వాం. కింద మిషన్లు ఆపి, పైన ఏమైందని కేకేశారు.

జూన్ 22, ఆదివారం

పిన్నికి బైండరు సంగతి చెప్పాను. చీటీ చూపించాను. చదవడం రాదు కదా, వేలిముద్రనే చూసింది.

నిన్ను నైస్ చేస్తున్నాడేమో అంది ముందు. తర్వాత చేతులెలా ఉంటాయని అడిగింది. గరుకుగా, సూదిపోట్లతో అన్నాను. అయితే పర్లేదంది. ఈ నైస్ గుడ్డతో నాకు నలభై ఏళ్ల తంటా, సూది కింద నిలవదు, ఎంత కుట్టినా జారిపోతుంది, కాస్త గరుకున్న గుడ్డయితేనే కుట్టు పట్టుకుంటుంది అంది. తర్వాత చాలాసేపు మిషన్ తొక్కలేదు. ఆ పెళ్లి తప్పిపోయిన రోజు మిషన్ ఆపి ఉండాల్సింది నేను, నీకు వినపడేది అంది.

వినపడకపోవడమే మంచిదైంది పిన్నీ అన్నాను. అన్నాక చూసుకుంటే, నిజమే.

జూన్ 26, సాయంత్రం 4

మొదటిసారి కింద బైండింగ్ గదికి వెళ్లాను. కిటికీ కింద పొడుగు బల్ల. గోడకి దారపు ఉండలు. మైదా జిగురు వాసన. అతను ఒక లావు పుస్తకానికి వెన్ను అతికిస్తున్నాడు, రెండు చేతులతో బిగించి పట్టుకుని.

మీ చీటీకి నేను జవాబివ్వలేదు అన్నాను. అది ప్రశ్న కాదు కదండీ, జవాబెందుకు అన్నాడు. మేడమ్ అనలేదు.

అయితే నేనే ఒకటి అడుగుతాను, పెళ్లి చేసుకుందామా అన్నాను.

అతని చేతులు పుస్తకం మీద అలాగే ఉండిపోయాయి. పది నిమిషాలు ఆగుతారా, ఇప్పుడు వదిలితే ఊడిపోతుంది అన్నాడు. ఆగాను. స్టూల్ లాక్కుని కూర్చున్నాను. ఇద్దరం ఆ పుస్తకాన్నే చూస్తూ ఉన్నాం. అంత నవ్వు ఎక్కడ దాచుకోవాలో ఇద్దరికీ తెలియలేదు. మధ్యలో ఫోర్‌మన్ తొంగిచూసి నైస్‌గా జారుకున్నాడు.

జిగురు పట్టింది. వెళ్లి చేతులు కడుక్కుని, తుడుచుకుని, మళ్లీ కడుక్కుని వచ్చాడు. చేసుకుందాం అన్నాడు.

జూన్ 30

ఎన్ అచ్చుకి దిగింది.

జులై 9

ఈ డైరీ వెన్ను విడిపోయింది. కింద బైండింగ్ గదిలో ఆయనకి ఇచ్చొస్తున్నాను. చదవొద్దని చెప్పను.