పెద్దావిడకు ఎనిమిది మార్కులు

సబ్‌స్టేషన్ క్వార్టర్స్,
మార్చి 9, ఆదివారం.

పూజ్యులైన బాబాయికి,

మీకూ పిన్నికీ నమస్కారాలు. ఇక్కడ నేనూ, మీ అల్లుడూ, పాపా కులాసా. పిన్ని అల్లి పంపిన స్వెటరు చేతులు పాపకి మోచేతుల దాకానే వచ్చాయి. పాప ఎదిగిందా, పిన్ని కొలత తప్పిందా అన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు.

జనవరిలో మీరు రాసిన ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబిస్తున్నందుకు ఏమీ అనుకోకండి. "ఈ ఏడు పెద్దావిడ వంతు కదా అమ్మడూ, ఎప్పుడు విప్పుతున్నారు? ఎలా ఉందో చూసి చెప్పు" అని అడిగారు. మీరు ఇరవై ఆరేళ్లు ఫోర్‌మన్‌గా ఉండి కంటికి రెప్పలా కాచుకున్న ట్రాన్స్‌ఫార్మర్ కదా, అడగడంలో తప్పులేదు. పెద్దావిడని ఈ ఏడు విప్పలేదు. ఎందుకు విప్పలేదో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

మీ రోజుల్లో క్యాలెండర్ చూసి పని మొదలుపెట్టేవారు. ఇన్నేళ్లయింది, విప్పు, తుడువు, బిగించు. ఇప్పుడు ఆ పద్ధతి మారింది. యార్డులో ఉన్న నలభై మూడు పరికరాలకీ రెండేసి ప్రశ్నలు వేస్తాం. దీని ఒంట్లో ఎలా ఉంది? ఇది పడిపోతే ఎవరెవరు చీకట్లో ఉంటారు? ఒక్కో ప్రశ్నకి పదికి ఇన్ని అని మార్కులు వేస్తాం. ఎక్కువ వస్తే ఎక్కువ జబ్బు, ముందు దాని పనే. ఆ జాబితా తయారుచేసే పని పెద్దసారు నాకు అప్పజెప్పారు.

మొదటి జాబితాలో పెద్దావిడే మొదటి స్థానంలో ఉంది. ముప్ఫై ఒక్కేళ్లది, ఆ మాత్రం ఉండదా అని అందరూ తలాడించారు. ఎండలు ముదరకముందు పది రోజులు ఆపడానికి పెద్దసారు సంతకం కూడా పెట్టేశారు. ఏడాదికి దొరికేది ఆ ఒక్క పది రోజులే. ఆ పది రోజులూ ఊరి భారమంతా పక్కనున్న కొత్తకోడలు మోయాలి. అదే, మీరు ఇక్కడినుంచి శిక్షణ కేంద్రానికి వెళ్లే ముందు వచ్చిన ఏడేళ్ల ట్రాన్స్‌ఫార్మర్. ఆస్పత్రి, నీళ్ల పంపులు సహా అంతా దాని మీదే.

ఆపడానికి ఇంకా పన్నెండు రోజులున్నాయనగా నూనె పరీక్షల ల్యాబ్ మేడమ్ ఫోన్ చేసింది. నింపాదిగా మాట్లాడే మనిషి. "మీ జాబితాలో ఒక అంకె నాకు అంతుపట్టడం లేదండీ. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ నూనె శుభ్రంగా ఉందని నేనే కదా రాసి పంపాను. దాని ఆరోగ్యానికి ఎనిమిది ఎలా వచ్చింది?" అంది. పొరపాటు దొర్లిందండీ, సరిచేస్తాను అన్నాను. ఆవిడ అక్కడితో ఊరుకోలేదు. "కొత్తదాని నూనె ఇంకోసారి తీసి పంపుతారా? కిందటిసారి అంకె నచ్చలేదు నాకు. పెద్ద కారణమేం లేదు, చూద్దామని" అంది.

పంపాను. నాలుగోరోజుకి జవాబొచ్చింది. లోపల ఎక్కడో నూనె విపరీతంగా కాగితే పుట్టే వాయువు నెలరోజుల్లో మూడింతలయింది.

బాబాయ్, అప్పుడు పట్టుకుంది నాకు పిచ్చి. కొత్తకోడలు చుట్టూ ఎన్ని ప్రదక్షిణలు చేశానో. రంగు పోలేదు, చుక్క నూనె కారలేదు, వేడిని చూపే కెమెరా పెడితే ఒళ్లంతా ఒకేలా ఉంది. మరి కాగుతున్నదేమిటి? పాత లాగ్‌షీట్లూ, నూనె రిపోర్టులూ ముందేసుకుని, లోడు పెరిగిన నెలల్ని వాయువు పెరిగిన నెలల పక్కన రాసుకున్నాను. రెండూ కలిసి నడుస్తున్నాయి. అంటే కరెంటు పారే దారిలోనే ఎక్కడో అతుకు వదులైంది. అరపూట ఆపి కొలిస్తే, ఒకేలా ఉండాల్సిన మూడు ఫేజుల్లో మధ్యది తేడాగా ఉంది.

పెద్దసారు మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. "ఏడేళ్లదాన్ని విప్పి లోపల ఏమీ లేకపోతే పైవాళ్లకి ఏం చెప్పను?" అన్నారు. నా పేరు చెప్పండి సార్ అన్నాను. నా మొహంకేసి, కాగితంకేసి మార్చి మార్చి చూసి పెద్దావిడ పేరు కొట్టేసి కొత్తకోడలి పేరు రాశారు.

నూనె దించి మూత తీశాం. ల్యాబ్ మేడమ్ చూస్తానని తనే వచ్చి టార్చి పట్టుకుంది. మధ్య ఫేజు తీగ లోపలికి దిగే బుషింగ్ కింద బోల్టు వేలితో తిప్పితే తిరిగింది. దాని చుట్టూ చుట్టిన కాగితం మాడి, ముట్టుకుంటే పొడి అయింది. ఇంకో నెల ఇలాగే నడిస్తే ఏమయ్యేదో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ పది రోజులూ ఊరి భారమంతా దాని నెత్తిన పెట్టి ఉంటే నెల కూడా అక్కర్లేదు.

తొమ్మిది రోజుల్లో పని ముగించాం. ఆ తొమ్మిది రోజులూ అంతా ఒంటిచేత్తో మోసింది మీ పెద్దావిడే. ఒక్కరోజూ వేడి హద్దు దాటలేదు. గంటగంటకీ వెళ్లి చూసొచ్చాను.

ల్యాబ్ మేడమ్‌కి మీ గురించి చెప్పాను. ఆవిడకి ఒక సందేహం. పరీక్షలేవీ లేని రోజుల్లో మీరు పెద్దావిడ ఆయాసపడుతోందని దాని హోరు విని చెవితోనే చెప్పేవారట కదా, ఆ చప్పుడులో మీకు ఏం తేడా వినబడేది అని. నాకూ తెలుసుకోవాలని ఉంది. శిక్షణ కేంద్రంలో మీ విద్యార్థులకి చెప్పేట్టు, మొదటినుంచీ రాయండి.

పిన్నిని అడిగానని చెప్పండి.

మీ అన్నగారి అమ్మాయి,
అమ్మడు

తా.క.: ఉత్తరం మడిచి కవర్లో పెట్టాక మళ్లీ తీశాను. పొరపాటు దొర్లిందని పైన రాశాను కదా, అది నిజం కాదు. పెద్దావిడకి రావాల్సింది రెండు. ఆ రోజు మీ ఉత్తరం బల్లమీదే ఉంది. దాని వంతు తప్పిపోయిందని తెలిస్తే మీరు నొచ్చుకుంటారని, కావాలనే ఎనిమిది వేశాను. ఆవిడ ఫోన్ చేయకపోతే అలాగే జరిగిపోయేది. నిన్న పెద్దసారుకి చెప్పేశాను. ఇకమీదట జాబితాలో ప్రతి అంకె పక్కనా ల్యాబ్ మేడమ్ సంతకం కూడా ఉండాలన్నారు. ఆవిడకీ నేనే చెప్పాను. "అనుకున్నాను" అంది, అంతే. మీరు నన్ను ఎలా ఉందో చూసి చెప్పమన్నారు. నేను చూడకుండానే చెప్పబోయాను. కోపమొస్తే ఉత్తరంలో దాచుకోకండి, ఫోన్ చేసి తిట్టండి. వింటాను.